కాటాలో తగ్గిన నీలం

పోయిన వారం మేస్త్రిని కంటి ఆసుపత్రి వరండాలో, చెక్క బల్ల మీద కూర్చోబెట్టి వదిలేశాం. ఎడమ కంటికి శుక్లం తీసి ఆ రోజుకి ఎనిమిది రోజులు. కుడి కంటికి ఇంకా తీయలేదు.

వెనకటి సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుంటే ఇది. అద్దకం షెడ్డుకి యజమాని మేస్త్రి బావమరిది. తడి గుడ్డను ఉత్తరం కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని, తొట్టిలో ఎంత నీలం పడాలో కేక వేసి చెప్పేది మేస్త్రి. ఆ అంకెను తిరిగి గట్టిగా అని, అంత తూచి పోసేది ఆయన వియ్యంకుడు. షెడ్డులో అందరూ ఆయన్ని కాటా పెద్దాయన అంటారు. మేస్త్రి "నాలుగొందలు" అంటే కాటా దగ్గర నుంచి కూడా "నాలుగొందలు" అని వినపడాలి. పద్దెనిమిదేళ్లుగా అదే పద్ధతి. మచ్చుగుడ్డ పక్కన పెట్టుకుని పోల్చుకోవడం మేస్త్రికి నామోషీ. "గుడ్డ వెలుస్తుంది గానీ నా కన్ను వెలవదు" అంటాడు.

నెలన్నర కిందట, తొట్ల పక్కన సిద్ధంగా పెట్టిన నీలం పొట్లాలను బావమరిది తిరిగి తూచాడు. ఒక్కొక్కటీ నలభై గ్రాములు తక్కువ. మేస్త్రి అందరి ముందూ వియ్యంకుణ్ని దొంగ అన్నాడు. ఆయన మారు మాట్లాడలేదు. చేతులు కడుక్కుని గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మేస్త్రి కూతురు పుట్టింటి గడప తొక్కలేదు, ఫోన్ ఎత్తలేదు. పైగా ఆ తర్వాత వేసిన యూనిఫారం గుడ్డ మూడుసార్లు వెనక్కి వచ్చింది, నీలం మరీ ముదిరిపోయిందని. పోయేవాడు పోతూ పోతూ పొడిలో ఏదో కలిపి పోయాడని మేస్త్రి తేల్చేశాడు. బావమరిది మాత్రం, "బావా, ఒకసారి కళ్లు చూపించుకుందాం" అని పట్టుకుని వదల్లేదు.

ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పితే, ముందురోజు మీగడ రంగులో ఉన్న ఆసుపత్రి గోడ సున్నం కొట్టినట్టు తెల్లగా, మూలల్లో నీలంగా కనబడింది. మేస్త్రికి వెంటనే అర్థమైపోయింది, తన కంట్లో ఏదో రంగు అద్దం పెట్టారని. ఎవరు పెట్టించారో కూడా అర్థమైంది. షెడ్డులోకి రంగు కొలిచే మిషను తేవాలని బావమరిది రెండేళ్లుగా కలవరిస్తున్నాడు. మేస్త్రి కన్ను పనికిరాదని తేలితే గానీ ఆ మిషనుకి చోటు దొరకదు. అందుకని, నిద్రపోయేటప్పుడు మాత్రమే పెట్టుకోమన్న ప్లాస్టిక్ మూతను ఆయన పగలు కూడా తీయలేదు. దాని లోపల నల్ల కాగితం కత్తిరించి అంటించుకున్నాడు. చుక్కలు పడేంతసేపు కన్ను తెరిచేవాడు, పడగానే టక్కున మూసేవాడు. కొత్త కన్నుని ఎనిమిది రోజులు కాపలా కాసినట్టు కాశాడు.

"తాతగారూ, లోపలికి రండి" అని పిలిచింది పరీక్షల అమ్మాయి.

"నాకింకా మనవలు పుట్టలేదు" అన్నాడు మేస్త్రి, లేవకుండానే.

"సరే, బాబాయిగారూ రండి."

"మీ నాన్నకి తమ్ముళ్లు లేరా?"

పక్కన కూర్చున్న భార్య ఆయన మోచేతి మీద పొడిచింది. "చిన్నపిల్లతో ఏంటండీ మీ గొడవ. లేవండి."

చిన్న గది. ఒక బల్ల, మూడు కుర్చీలు. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద పొడుగాటి చెక్క పెట్టె. పైన తెల్లటి దీపం. మేస్త్రి ముందు దీపాన్ని చూశాడు.

"పట్టపగలు దీపమెందుకు?"

"రంగులు అందరికీ ఒకేలా కనపడాలంటే వెలుగు ఒకేలా ఉండాలండీ."

"మా షెడ్డులో ఉత్తరం కిటికీ ఉంది. దానికి స్విచ్చి లేదు."

అమ్మాయి నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. ఆ అమ్మాయి ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. శుక్లం తీశాక మనుషులకి రంగులు ఎలా మారి కనపడతాయో ఈ ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. రంగులతో పని చేసేవాళ్లనే ఎక్కువగా అడుగుతున్నారు. పెయింటర్లు, దర్జీలు, అద్దకం వాళ్లు. ఇష్టమైతేనే చేయొచ్చు, వద్దంటే వైద్యం ఏమీ ఆగదు.

"నేను అద్దకం వాణ్నని నీకెవరు చెప్పారు?"

"మీ చీటీలో ఉందండీ."

"చీటీ ఎవరు రాయించారు?"

"ఆ రోజు మీతో వచ్చినాయన. మీ బావమరిది అనుకుంటా."

మేస్త్రి భార్య వైపు తిరిగి, 'చూశావా' అన్నట్టు కనుబొమ్మ ఎగరేశాడు. మీ తమ్ముడి వేషాలు అని దానర్థం. ఆవిడ చేతిసంచి మూతి ముడేసుకుంటూ కూర్చుంది.

"ఇందులో తేలింది ఎవరికి పంపుతారు?"

"ఎవరికీ పంపం. మీ పేరు కూడా ఉండదు. నంబరే ఉంటుంది. మీరు నలభై మూడు."

"బాగుంది. మనిషి పోయి నంబరు మిగిలిందన్నమాట."

వద్దని లేచిపోవాల్సిందే. కానీ పెట్టె మూత అప్పటికే తెరిచి ఉంది. లోపల పదహారు గుండ్రటి బిళ్లలు, పెద్ద బొత్తాలంత. ఆకుపచ్చ నుంచి మొదలై నీలం మీదుగా వంకాయ రంగు దాకా. మొదటి బిళ్ల కదలకుండా బిగించి ఉంది. మిగతావి కలిపేసి ఉన్నాయి. ఏ రంగు పక్కన దానికి దగ్గరి రంగు వచ్చేలా వరసగా పేర్చాలి. ఇంతే పరీక్ష.

ముప్పై ఆరేళ్లు రంగులు కలిపిన మనిషి. ఆయన ముందు బొత్తాలు పెట్టి పేర్చమంటున్నారు. వదిలి వెళ్తే భయపడ్డాడంటారు.

"ముందు నా పాత కంటితో చేస్తా" అన్నాడు. "మీరు పెట్టింది ఇప్పుడే తెరవను."

"అలాగే. మేం కూడా అదే అడుగుతాం. రెండు కళ్లకీ విడివిడిగా చెయ్యాలి."

తన మాటకి అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా మేస్త్రికి నచ్చలేదు.

పేర్చడం మొదలుపెట్టాక గది సంగతి మర్చిపోయాడు. బిళ్లను రెండు వేళ్లతో ఎత్తడం, కంటికి దగ్గరగా తేవడం, మళ్లీ దూరంగా పట్టుకోవడం. తడి గుడ్డను చూసినట్టే చూశాడు. ఒకటి రెండుచోట్ల ఆగాడు. ఆగి, పెదవి కొరికి, ఇదే అని పెట్టాడు. అయిదు నిమిషాల్లో పదిహేను బిళ్లలూ కూర్చున్నాయి. వెనక్కి వాలి చేతులు దులుపుకున్నాడు.

"రాసుకో. నలభై మూడో నంబరు వాడు ఒక్కటి కూడా తప్పలేదని రాసుకో."

అమ్మాయి పెట్టె తీసుకోబోయింది. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు. కలపొద్దు. ఇది ఇలాగే ఉండనీ. మీరు పెట్టిన కంటికి ఇదే వరస ఎలా కనపడుతుందో నేను చూడాలి."

"అలా చెయ్యకూడదండీ. మళ్లీ కలిపి ఇవ్వాలి."

"అయితే నేను చెయ్యను."

అమ్మాయి ఒక నిట్టూర్పు విడిచి, సరేనంది. దగ్గరికి వచ్చి ప్లాస్టిక్ మూతకున్న టేపు ఊడదీసింది. లోపల నల్ల కాగితం చూసి ఆశ్చర్యపోయింది. "కన్ను తుడుస్తాను, రెండు కళ్లూ మూసుకోండి" అంది. దూదితో రెప్పలు తుడిచి, మూతను ఈసారి కుడి కంటికి పెట్టింది. అంతా కలిపి ఒక్క నిమిషం.

"ఇప్పుడు తెరవండి."

మేస్త్రికి మొదట బల్ల మీద గుడ్డ కనబడింది. ఇందాక అది గోధుమ రంగు. ఇప్పుడు బూడిద రంగు. తర్వాత పెట్టె వైపు చూశాడు. చూసి, కుర్చీ వెనక్కి తన్నేసి లేచాడు.

ఆకుపచ్చలు కొంతదూరం బాగానే నడిచాయి. అక్కడి నుంచి వరస తప్పింది. రెండు నీలాల మధ్య ఒక ఆకుపచ్చ బిళ్ల దూరి ఉంది. వంకాయ రంగుది ఒకటి ఎక్కడో చివర ఉండాల్సింది వచ్చి నీలాల నడుమ కూర్చుంది. ఇంకోచోట రెండు బిళ్లలు తిరగబడ్డాయి. చూస్తుంటే పళ్లు జివ్వుమన్నాయి.

"ఎవరు కలిపారు?"

"ఎవరూ కలపలేదండీ."

"నేను కళ్లు మూసుకున్నప్పుడు కలిపావు! ఇది నేను పేర్చిన వరస కాదు. ముప్పై ఆరేళ్లలో ఇలాంటి వరస పనివాడు పేరిస్తే నేను వాణ్ని తొట్టిలో ముంచేవాణ్ని!"

"ఆ అమ్మాయి చెయ్యే పెట్టలేదండీ" అంది భార్య నెమ్మదిగా. "నేను చూస్తూనే ఉన్నాను."

"అయితే ఈ కంట్లో పెట్టిన అద్దం కలిపింది. రెండు కళ్లలో ఒకటి అబద్ధం చెప్తోంది. ఏది చెప్తోంది?"

"బిళ్లల కింద నంబర్లు ఉంటాయండీ" అంది అమ్మాయి. "తిప్పి చూసుకోండి."

"నంబర్లు వేసింది ఎవరు? మీరేగా!"

తలుపు దగ్గర ఆయా కర్రకు కట్టిన తడిగుడ్డతో నేల తుడుస్తూ, తుడవడం ఆపి చూస్తోంది. మేస్త్రి ఆవిణ్ని చూశాడు. ఈ మొత్తం భవనంలో బావమరిది మంతనాలాడి ఉండడానికి వీల్లేని మనిషి ఎవరైనా ఉంటే అది ఆవిడే.

"ఏమమ్మా, ఇలా రా. చేతులు తుడుచుకుని రా. నీకు కళ్లు బాగున్నాయా?"

"సూదిలో దారం నేనే ఎక్కించుకుంటానయ్యా."

"ఇవి పేర్చు. రంగు పక్కన దగ్గరి రంగు."

"ఆవిడ పరిశోధనలో లేదండీ..." అని అమ్మాయి అనబోయింది. ఎవరూ వినలేదు. మేస్త్రి తన చేత్తోనే బిళ్లలు కలిపి పెట్టె ముందుకు తోశాడు. ఆయా నిలబడే పని కానిచ్చింది. ఎత్తడం, పెట్టడం. మధ్యలో ఒక్కసారే వెనక్కి తీసి మార్చింది. మూడు నిమిషాలు పట్టలేదు.

"ఇందులో ఏముందయ్యా. ఉతికిన బట్టలు సర్దినట్టే."

మేస్త్రి కొత్త కంటితో చూశాడు. ఆకుపచ్చ ఎక్కడ నీలంలోకి దిగిందో, నీలం ఎక్కడ వంకాయ రంగులోకి ఒరిగిందో, చెయ్యి పెట్టి తడిమితే తెలిసేంత నున్నగా ఉంది వరస. ఒక్కొక్క బిళ్లా తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పది, పదకొండు మాత్రం అటూ ఇటూ అయ్యాయి. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి.

అప్పుడు కుడి కంటి మీద మూత తనే పీకేశాడు. ఎడమ కన్నుని అరచేత్తో మూసి, అదే వరసని పాత కంటితో చూశాడు. మధ్యలో ఆరు బిళ్లలు ఒకేలా ఉన్నాయి. ఆరూ ఒకే తొట్టిలోంచి తీసినట్టు. ఇందాక తాను ఎందుకు ఆగాడో, ఎక్కడ పెదవి కొరికి గుడ్డిగా పెట్టేశాడో గుర్తొచ్చింది. చెయ్యి మార్చాడు. ఆ కన్ను, ఈ కన్ను. నాలుగైదుసార్లు మార్చి మార్చి చూశాడు.

ఆయా మెల్లగా తన కర్ర తీసుకుని బయటికి పోయింది.

అరుపులు విని డాక్టరు వచ్చాడు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏంటి పెద్దాయనా, మా అమ్మాయిని హడలగొట్టారట."

"నా కంట్లో ఏ రంగు అద్దం పెట్టావు?"

"కొన్ని లెన్సులకి లేత పసుపు ఉంటుంది. మీకు పెట్టినదానికి ఏ రంగూ లేదు. డబ్బా మీది స్టిక్కరు మీ కార్డుకే అంటించాం, చూసుకోండి. పుట్టినప్పుడు మీ కంట్లో ఉన్న లెన్సు కూడా ఇలాగే నీళ్లలా ఉండేది. వయసు మీద పడేకొద్దీ అది మసకబారి, పసుపు తిరిగి, తర్వాత తేనె రంగుకి వస్తుంది. దాన్నే శుక్లం అంటాం. మీ కుడి కంట్లో ఇంకా అదే ఉంది. అంటే మీరు లోకాన్ని పసుపు అద్దంలోంచి చూస్తున్నారు. అప్పుడు నీలం..."

"పసుపు మీద నీలం పడితే ఏమవుతుందో నాకు పాఠం చెప్పకు డాక్టరూ. నీలం చచ్చిపోయి ఆకు..."

మేస్త్రి ఆగిపోయాడు.

మేస్త్రే మళ్లీ అందుకున్నాడు.

"నీలం చాలనట్టు కనపడుతుంది. ఇంకాస్త వెయ్యమనిపిస్తుంది. అంతేగా?"

"అంతే."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇంత ముదరడానికి రెండు, మూడేళ్లు పట్టి ఉంటుంది. మెల్లగా కమ్ముతుంది కాబట్టి మనిషికి తెలియదు. బల్బులు పాడయ్యాయంటారు. పేపరు వాళ్లు అక్షరాలు చిన్నగా వేస్తున్నారంటారు. ఇంతకుముందు కంటికి ఏమైనా మందు వాడారా?"

"మా ఆవిడ పోయిన ఏడాది నుంచి ఏవో చుక్కలు వేసేది. షెడ్డులో ఆవిరికి కళ్లు మంటలని."

డాక్టరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చేతిసంచి ముడి విప్పుతోంది.

"మంటకైతే సరే. శుక్లం కరిగిస్తామని చుక్కలు అమ్మేవాళ్లు ఉంటారు. అలాంటి మందు కోసం చాలాచోట్ల వెతుకుతున్నారు, ప్రయోగాలు చేస్తున్నారు. ఇంకా దొరకలేదు. చిన్న గాటు పెట్టి, మసకబారిన లెన్సుని పొడి చేసి తీసేసి, కొత్తది పెట్టడం ఒక్కటే దారి. మీ కుడి కన్ను వచ్చే నెల చేద్దాం."

మేస్త్రి ఆ మాటలు సగమే విన్నాడు. ఆయన లోపల షెడ్డు నడుస్తోంది. తొట్లు పొగలు కక్కుతున్నాయి. వెనక్కి వచ్చిన మూడు లోడ్లు. నీలం మరీ ముదిరిందని వాళ్లు చెప్పింది నిజం. ముదిర్చింది తనే. కాటా పెద్దాయన పొడిలో ఏమీ కలపలేదు.

మరి ఆ తక్కువ తూగిన పొట్లాలు? వాటిని తిరిగి తూచింది ఎవరు? తూచి అందరికీ చూపించింది ఎవరు?

బావమరిది.

చిక్కుముడి పుటుక్కున తెగినట్టనిపించింది మేస్త్రికి. కాటా పెద్దాయన్ని తరిమితే తన కుడిచెయ్యి పోతుంది. ఆ తర్వాత కన్ను పోయిందంటే తానే పోతాడు. ఇక మిషనే మిషను. పొట్లాల్లోంచి నలభై నలభై తీసి పెట్టింది వాడే. వాడి మాట పట్టుకుని, కూతుర్ని ఇచ్చిన ఇంటి మనిషిని దొంగ అన్నాడు తను.

లేచాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"ఇంటికేగా?" అంది భార్య, ఆసుపత్రి మెట్లు దిగుతూ.

"వియ్యంకుడి ఇంటికి."

ఆవిడ మెట్టు మీదే నిలబడిపోయింది. "ఇవాళ వద్దండీ. కంటికి దుమ్ము తగులుతుంది. రేపు ఫోన్ చేసి వెళ్దాం."

"ఫోన్ ఎత్తడం లేదుగా."

"ఎల్లుండి వెళ్దాం. ముందు మా తమ్ముణ్ని అడుగుదాం..."

"మీ తమ్ముణ్ని అడిగేది ఉంది. అది తర్వాత."

బస్సులో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. తమ్ముడి పరువు గురించి బెంగ కాబోలు అనుకున్నాడు మేస్త్రి. ఆయన రెండు కళ్లూ తెరిచే కూర్చున్నాడు. దారి పొడుగునా చొక్కాలు చూశాడు. తన షెడ్డు నీలం వేసుకున్నవాళ్లు ముగ్గురు కనపడ్డారు. ముగ్గురి నీలమూ బాగానే ఉంది. పాత చొక్కాలు. కాటా పెద్దాయన షెడ్డులో ఉండగా, ఈ రెండేళ్లలోపు వేసినవి. అదే అర్థం కాలేదు ఆయనకి. రెండేళ్లుగా కన్ను చెడితే, ఆ రెండేళ్లూ నీలం ఎలా బాగుంది?

తలుపు కూతురు తీసింది. తండ్రిని చూసి, గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంచింది.

"ఎవరు కావాలి?"

"మీ మామగారు."

"ఎందుకు? ఇంకేమైనా తూచాల్సింది మిగిలిందా?"

"అమ్మాయ్..." అంది తల్లి వెనక నుంచి.

"నువ్వుండమ్మా. నెలన్నర అయింది, నేను మామయ్య మొహం సరిగ్గా చూసి. అన్నం పెడితే తలెత్తడు. వీధిలోకి వెళ్లడు. ఎవరైనా పలకరిస్తే 'పని మానేశాను' అంటాడు. తీసేశారని కూడా చెప్పుకోడు. నాన్న పేరు చెడుతుందట!"

మేస్త్రి తల వంచుకున్నాడు. కూతురు ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు. పక్కకి జరిగి దారి ఇచ్చింది.

ముందు గదిలో కాటా పెద్దాయన నేల మీద కూర్చుని, బోర్లించిన కుర్చీ కాలికి మేకు కొడుతున్నాడు. వియ్యంకుణ్ని చూసి లేవబోయాడు. "రండి బావగారూ. అమ్మా, నీళ్లివ్వు" అన్నాడు, నిన్న కాక మొన్న కలుసుకున్నట్టు. ఆయన గోళ్ల చివర నీలం ఇంకా పోలేదు. మేస్త్రి కొత్త కంటికి అది స్పష్టంగా కనపడింది.

మేస్త్రి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మాటలు పేర్చుకోవడం ఆయనకి చేతకాదు.

"బావగారూ, తప్పు నాది. నా కన్ను చెడింది. ఇవాళ తేలింది. పొడిలో మీరేదీ కలపలేదు. పొట్లాలు తగ్గించింది కూడా మీరు కాదు. మా బావమరిది. వాడి పని నేను చూస్తాను. మీరు రేపు షెడ్డుకి రావాలి. పదిమందిలో అన్నాను కదా, అదే పదిమందిలో తప్పు ఒప్పుకుంటాను."

కాటా పెద్దాయన సుత్తి కింద పెట్టాడు.

"ఆ అబ్బాయిని ఏమీ అనకండి బావగారూ. పొట్లాలు తగ్గించింది నేనే."

నీళ్ల గ్లాసు తెస్తున్న కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"మామయ్యా!"

"మీరా?" అన్నాడు మేస్త్రి. "ఎత్తుకుపోయారా?"

"ఎత్తుకుపోయి ఏం చేసుకోను, ఇంటికి పూసుకోనా? మిగిల్చింది సాయంత్రం మళ్లీ డబ్బాలోనే పోసేవాణ్ని." ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "రెండేళ్ల కిందట ఒకరోజు మీరు తడి గుడ్డ ఎత్తి పట్టుకుని, చాలలేదు, ఇంకో నలభై అన్నారు. నేను చూశాను. చాలింది. చక్కగా చాలింది. మర్నాడు కూడా అంతే. మీ కన్ను తప్పుతోందని తెలిసింది. మీరు నాలుగొందలు అంటే, నోటితో నాలుగొందలు అన్నాను. చేత్తో మూడొందల అరవై వేశాను. రెండేళ్లు అలాగే గడిచింది. ఒక్క గుడ్డ వెనక్కి రాలేదు."

మేస్త్రికి బస్సులో చూసిన చొక్కాలు గుర్తొచ్చాయి. ఆ మూడూ తనవి కావు. ఈయనవి.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు? దొంగ అన్నాను! నోరు తెరిచి ఒక్క మాట..."

"పదిమందిలో ఏమని చెప్పమంటారు? మా మేస్త్రికి కళ్లు కనపడవు, రెండేళ్లుగా రంగు నాదేనని చెప్పనా?"

"నాకు చెప్పొచ్చుగా! విడిగా పిలిచి నాకు చెప్పొచ్చుగా!"

"మీతో అనడానికి నోరు రాలేదు." కాటా పెద్దాయన సుత్తిని పక్కకి జరిపాడు. "కానీ ఒకరితో చెప్పాను. మొదటిసారి తగ్గించి వేసిన వారంలోనే చెప్పాను. ఆయనకి కళ్లు చూపించండి, ఈ అబద్ధం నేను ఎన్నాళ్లు మొయ్యగలను అని. చూపిస్తామన్నారు. అంతదాకా ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నారు. మీరు నన్ను దొంగ అన్న రోజున కూడా ఆ మాటకే కట్టుబడి నోరు మూసుకున్నాను."

"ఎవరు?" మేస్త్రి గొంతు గది దాటి వినపడింది. "చెప్పండి బావగారూ. మా బావమరిదేనా? రెండేళ్లుగా తెలిసి నన్ను ఆడించింది వాడేనా?"

మేస్త్రి మొహం మీదున్న కాటా పెద్దాయన చూపు పక్కకి తప్పుకుని, భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్లింది. వెళ్లి అక్కడే నిలబడిపోయింది.

మేస్త్రి తిరిగి చూశాడు.

భార్య గడప అవతలే ఉంది. లోపలికి రాలేదు. చెప్పులు కూడా విప్పలేదు.

"అన్నయ్యగారిని అడక్కండి" అంది. "ఆయన మాట తప్పే మనిషి కాదు. నన్ను అడగండి."